ఉలి తాత అర్జీలో రాయని సామెత

ఆ రోజుల్లో రంగూన్‌లో ఇంగ్లీషు రావడం వేరు, ఇంగ్లీషు సామెతలు రావడం వేరు. మొదటిది వచ్చినవాడికి గుమాస్తా ఉద్యోగం దొరికేది. రెండోది కూడా వచ్చినవాణ్ణి చూస్తే తక్కిన గుమాస్తాలు కుర్చీల్లోంచి సగం లేచేవారు. సెలవు కోసం అర్జీ రాసినా, గొడుగు పోయిందని ఫిర్యాదు రాసినా, నడుమ రెండు సామెతలు పడకపోతే ఆ కాగితం ఉప్పు లేని పప్పేనని మా గట్టి నమ్మకం. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. భీమిలి రేవులో ఓడెక్కి, డెక్కు మీద పడుకుని, కడుపులో ఉన్నదంతా బంగాళాఖాతానికి సమర్పించుకుంటూ రంగూన్‌లో దిగిన ఏడాదికే నాకు నా ఇంగ్లీషు మీద ఎక్కడలేని ధీమా వచ్చేసింది. ఇప్పుడు ఇంట్లో ఎంత వెతికినా ఆ ధీమా దొరకదు. దాన్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు సగంలో ఉండగానే ఉలి తాత గుర్తొస్తాడు, ఇక మిగతా సగం నవ్వలేను.

నేను పజుండౌంగ్‌లో మా మావయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. (మావయ్య కూలీల మేస్త్రీ. శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి జనాన్ని తీసుకొచ్చి మిల్లుల్లో పనికి పెట్టేవాడు. అక్క కొడుకుని కూడా అలాగే తెచ్చాడు కాని, చేతులు మెత్తగా ఉన్నాయని బస్తాల కింద కాకుండా బల్ల వెనక పెట్టించాడు.) మా బియ్యం మిల్లు ఊరికి ఆ చివర, అహ్లోన్‌లో, నది ఒడ్డున ఉండేది. పొద్దున్నే ట్రామెక్కి ఊరంతా దాటి వెళ్ళేవాణ్ణి. దిగేసరికి ఊక కాలిన వాసన ఎదురొచ్చేది. పడవల నిండా ధాన్యం, గట్టు మీద మనవాళ్ళ కేకలు, అన్నిటి మీదా సన్నని తెల్లటి తవుడు. సాయంత్రం ఇంటికొచ్చి తల దులిపితే అత్త కోడిపిల్లలకి చాలేంత రాలేది. ఆ వాసన మీద అప్పుడు ఎంత విసుక్కునేవాణ్ణో! ఈనాడు ఎక్కడైనా ఊక కాల్చిన పొగ కనబడితే, పని మానుకుని అటువైపు ముక్కు పెట్టి నిలబడిపోతాను.

ఆ ఏడాది మిల్లుకి కొత్త దొర వచ్చాడు. పొడుగ్గా, ఎర్రగా, మంచివాడే. ఒకటే జబ్బు: సామెత లేకుండా నోరు తెరిచేవాడు కాదు. ఒకరోజు ఏదో యంత్రం బిగింపు ఆలస్యమైతే, పోనీలే, రోము నగరం ఒక్క రోజులో కట్టలేదు అన్నాడట. మా పెద్ద గుమాస్తా (ముక్కుమీద కళ్ళజోడు, చెవిలో కలం, గుండెలో దొరంటే వణుకు) చెమటలు కక్కుకుంటూ వచ్చి, ఓడల చిట్టా ముందేసుకుని, రోముకి మనం బియ్యం ఎప్పుడు పంపామురా అని మమ్మల్నందరినీ నిలబెట్టి అడిగాడు. పూట గడిచాక నేను బడిలో చదివిన సంగతి గుర్తు తెచ్చుకుని అది సామెత అని చెప్పాను. చెప్పకుండా ఉంటే నా బతుకు మరోలా ఉండేది. మర్నాటి నుంచి దొరగారి సామెతలన్నిటికీ నువ్వే జవాబుదారీవని పెద్ద గుమాస్తా నా నెత్తిన పెట్టాడు. అప్పటికి నాది ఇంకా తాత్కాలికపు కొలువు. ఈ పని సరిగ్గా చేస్తే ఖాయం చేయిస్తానన్నాడు. ఆ సాయంత్రమే పాత పుస్తకాల అంగట్లో, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు సామెతల పుస్తకం ఒకటి కొన్నాను. అక్షరాల వరసలో వెయ్యి సామెతలు. పెన్సిలు చెవిలో పెట్టుకుని ఆ పుస్తకాన్ని భగవద్గీతలా పారాయణ చేశాను.

మధ్యాహ్నం భోజనాల వేళ చదువుకోవడానికి మిల్లు ఆవరణలో చల్లటి చోటు ఒక్కటే ఉండేది. అది చీనా వడ్రంగి పాక. ధాన్యం జారే చెక్క తూములూ, జల్లెడ చట్రాలూ, గోదాం తలుపులూ అన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. బక్కపలచని మనిషి, పొట్టి చేతుల నల్ల చొక్కా, చెవి మీద ఎప్పుడూ ఒక ఉలి. (నాకు పెన్సిలు, ఆయనకి ఉలి. ఆ పోలిక చూసుకుని నేను కొంత గర్వపడేవాణ్ణి.) అందరూ చీనా మేస్త్రీ అనేవారు, నేను ఉలి తాత అన్నాను, ఆ పేరే నిలిచిపోయింది. ఇరవై ఏళ్ళకి పైగా మన కూలీల మధ్యే పనిచేయడం వల్ల ఆయనకి తెలుగొచ్చు. వచ్చంటే మామూలుగా రావడం కాదు. బడిలో చదువుకున్న నా తెలుగు ఆయన శ్రీకాకుళం యాస ముందు పట్టుపంచె కట్టుకున్నట్టు బిగుసుకుపోయేది. కళ్ళు మూసుకుని వింటే మా ఊరి రామమందిరం అరుగు మీద ఎవరో పెద్దాయన మాట్లాడుతున్నాడనుకునేవాణ్ణి. నేను ఆ పాకలోకి చల్లదనం కోసమే వెళ్ళానని ఇప్పటికీ చెబుతుంటాను. అది సగమే నిజం.

మొదటి రోజు నేను పైకి చదువుతుంటే, ఏటి గుంటడా ఆ మంత్రాలు అని అడిగాడు. పందుల ముందు ముత్యాలు పొయ్యకూడదట అని అర్థం చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపి, పందికి ముత్యాలు పోసే మడుసు ఎక్కడున్నాడని నిజంగానే ఆలోచించి, తమవాళ్ళు ఆవు ముందు వీణ వాయించినట్టని అంటారన్నాడు. మాకు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఉందన్నాను. ఆయన మూడింటినీ తూచి, అందులో మాదే గట్టిదని తీర్పు చెప్పాడు. చెవిటివాడికి ఊదేవాడి బుగ్గలైనా కనబడతాయి కదా అని కారణం. నాకు మనసులో జెండా ఎగిరింది. మర్నాడు అమ్మమ్మకి గుడ్డు పీల్చడం నేర్పినట్టు అనేది తీసుకెళ్ళాను. వడ్రంగుల దేవుడి గుమ్మంలో గొడ్డలి తిప్పినట్టు అని ఆయన, హనుమంతుడి ముందు కుప్పిగంతులు అని నేను. (ఇంగ్లీషు అమ్మమ్మ గుడ్లు ఎందుకు పీలుస్తుందో మా ఇద్దరికీ చివరిదాకా తెలియలేదు. దొరని అడగడానికి ధైర్యం చాలలేదు.)

అలా ఒక నోటుపుస్తకం మొదలైంది. మూడు గళ్ళు గీశాను: ఎడమ గడిలో ఇంగ్లీషు, నడుమ చీనా, చివర తెలుగు. చీనా గడి ఆయనే నింపేవాడు. చెక్క మీద గీతలు గీసుకునే వెదురు పుల్లని నల్ల సిరాలో ముంచి, నాలుక కొంచెం బయటపెట్టి, పై నుంచి కిందికి ఒక్కో అక్షరాన్నీ చిన్న ఇల్లు కట్టినట్టు కట్టేవాడు. చీనావాళ్ళు ఏరు దాటి వంతెన విరగ్గొడతారు, మనం ఏరు దాటి తెప్ప తగలేస్తాం. మన దూరపు కొండలు నునుపుగా కనిపిస్తే, వాళ్ళకి ఈ కొండ మీద నుంచి చూస్తే ఆ కొండే ఎత్తుగా కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళకి పక్కవాడి దొడ్లో గడ్డి పచ్చగా ఉంటుంది. అది రాసుకున్న రోజున సిరా ఆరేదాకా ఇద్దరం ఆ పుటనే చూశాం. నాకు భీమిలి కొండ గుర్తొచ్చింది. ఆయనకి ఏ కొండ గుర్తొచ్చిందో నేను అడగలేదు.

ఆయన పాకలో ఒక మూల దూది కుక్కిన బుట్ట ఉండేది. అందులో టీ కూజా. పాలూ లేవు, చక్కెరా లేదు. మొదటిసారి తాగినప్పుడు జ్వరానికి కషాయం ఇచ్చాడనుకున్నాను. నెల తిరిగేసరికి అది లేకపోతే మధ్యాహ్నం మధ్యాహ్నంలా ఉండేది కాదు. కంటికి కనబడనిది మనసుకీ కనబడదు అనే ఇంగ్లీషు సామెతకి ఆయన, మనిషి లేచిపోతే టీ చల్లారిపోద్ది అని రాశాడు. రాసి, అదోలా నవ్వి, దూది బుట్ట మూత సర్దాడు. అమ్మ ఉత్తరాలు ఎవరిచేతో రాయించి పంపేది. అందులో ఉన్న ప్రతి ముక్కా నేను ఆయనకి చదివి వినిపించేవాణ్ణి. మావయ్యకి కూడా అన్నీ చదివేవాణ్ణి కాదు. ఆ పరాయి ఊళ్ళో నాకు ఇల్లంటూ ఉంటే అది చెక్క పొట్టు వాసన వేసే ఆ పాకే.

ధాన్యం ముమ్మరంగా దిగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఉలి తాతకి ఒక ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని అప్పటికే మడతలు అరిగేలా చదివి ఉన్నాడు. ఊళ్ళో ఆయన భార్య ఉంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన మూడుసార్లు ఇంటికి వెళ్ళాడు. మూడోసారి వెళ్ళి ఇరవై రెండేళ్ళయింది. ఆ వెళ్ళినప్పుడు కొత్తగా చేసి బిగించి వచ్చిన వీధి తలుపు ఇప్పుడు వంగిపోయి గడపకి పట్టేస్తోందట, మూసుకోవడం లేదట. ఊరి వడ్రంగిని పిలిస్తే, ఇది చేసినవాడు ఎవడో గాని వాడి పనిలో నేను చెయ్యి పెట్టను అన్నాడట. తలుపు తీసుకునే పడుకుంటున్నాను అని ఆవిడ రాయించింది. అంతే ఉత్తరం. ఉలి తాత దాన్ని చొక్కాలో పెట్టుకుని, గోదాం తలుపులు చూపించాడు. "ఈ మిల్లులో ముప్పయ్యారు తలుపులున్నాయి గుంటడా. అన్నీ పడతాయి" అన్నాడు.

పని ముమ్మరంలో వడ్రంగికి సెలవు దొరకదు. అది అందరికీ తెలుసు. ఆయన అడుగుతున్నది సెలవు కూడా కాదు, ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోవడానికి అనుమతి. వసంతంలో వాళ్ళకి పెద్దల సమాధులు తుడిచే పండగ వస్తుంది. ఆ లోపు ఇల్లు చేరాలని కోరిక. చెప్పకుండా ఓడెక్కేవాళ్ళు లేకపోలేదు. ఈయన అలాంటివాడు కాదు. దొర తనంతట తాను పొమ్మని చెయ్యూపాలి. అందుకు ఇంగ్లీషులో అర్జీ కావాలి. "నీ సామెతలన్నీ పెట్టి రాయి. మావి కూడా పక్కన రాయి. దొరకి సామెతలంటే ఇష్టం గదా. అన్నిటికన్నా పైన ఇది రాయాల" అని నోటుపుస్తకం తీసుకుని నడిమి గడిలో నాలుగు అక్షరాలు కట్టాడు. రాలిన ఆకు వేరు కాడికే ఎల్తాది అని అర్థం చెప్పాడు.

ఆ అర్జీ కోసం నేను పడ్డ తపన ఏ పరీక్షకీ పడలేదు. నాకొక సిద్ధాంతం ఉండేది. ముందు మనిషి విశ్వాసాన్నీ, పనితనాన్నీ, పాతకాపుతనాన్నీ సామెతలతో నిలబెట్టాలి, దొర గుండె కరగాలి, కరిగిన గుండెలో చివర కోరిక జారవిడవాలి. కాబట్టి దొర్లే రాయికి నాచు పట్టదు అని మొదలుపెట్టాను. పాతదే బంగారం అన్నాను. నిండు కుండ తొణకదు అనేదాని ఇంగ్లీషు రూపం వేశాను. తెలియని దెయ్యం కన్నా తెలిసిన దెయ్యం నయం అని కూడా రాశాను. (ఆ దెయ్యం దొరగారే అవుతారన్నది అప్పుడు తట్టలేదు.) ప్రతి ఇంగ్లీషు సామెతకీ పక్కనే ఉలి తాత చీనా అక్షరాలు. రాలిన ఆకు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. దానికి ఇంగ్లీషులో జోడీ ఏదీ? జోడీ లేని సామెతని ఒంటరిగా పెడితే వరస చెడుతుంది, చూసి చివర వేద్దాం అని పక్కన పెట్టాను. దొరకిచ్చే కాగితం ఒక్కటి దాటకూడదని పెద్ద గుమాస్తా శాసనం. ఇరవై ఏడు సామెతలు పూర్తయ్యేసరికి కాగితం నిండింది. కింద అంగుళం చోటు మిగిలితే అందులో ఉలి తాత సంతకం కట్టాడు. పెద్ద గుమాస్తా అది చూసి చప్పరించి, సొంత చేత్తో తీసుకెళ్ళాడు.

రెండు రోజుల తర్వాత దొర పిలిచాడు. నవ్వి నవ్వి ముఖం ఇంకా ఎర్రబడి ఉంది. ఆ కాగితాన్ని తన క్లబ్బులో చదివి వినిపించాడట, ఒక స్నేహితుడు నకలు కూడా తీసుకున్నాడట. ఇంత చక్కని అర్జీ తన జన్మలో చూడలేదన్నాడు. నా కొలువు ఖాయం చేశానన్నాడు. నేను పొంగిపోతూ, మరి వడ్రంగి సంగతి అని నసిగాను. అది కూడా మంజూరు చేశానన్నాడు దొర. ముసలివాడినయ్యానని పనిలోంచి తీసేస్తారేమోనని ఆ మనిషి ఎంత బెంగపడ్డాడో తనకి అర్థమైందట. ఈ మిల్లు ఉన్నన్నాళ్ళూ, ఒంట్లో ఊపిరి ఉన్నన్నాళ్ళూ అతన్ని ఎవరూ కదపరని మాట ఇచ్చాడు. పాకకి కొత్త రేకులు వేయిస్తానన్నాడు. పైగా ఒక బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టాడు. నేను ఆ డబ్బాతో వరండాలో నిలబడి, అర్జీలోని ఇరవై ఏడు సామెతలూ మనసులో ఒక్కొక్కటే తిరగేసుకున్నాను. ఇంటికి వెళ్ళనివ్వండి అనే మాట ఒక్కచోట కూడా లేదు. కోరిక రాయడం మరిచిపోయాను!

పాకలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. నా ఖాయం సంగతి ఎందుకో చివర చెప్పాను. ఉలి తాత బిస్కెట్ల డబ్బా మూతకి కీలు ఎలా అమర్చారో కాసేపు చూశాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. టీ పోశాడు. తమవాళ్ళలో పాము బొమ్మ గీసి, అందంగా ఉంటుందని కాళ్ళు కూడా గీసినవాడొకడు ఉన్నాడని చెప్పాడు. "కాళ్ళు బాగా గీసినావు బాబూ. పాముని మర్సిపోనావు" అన్నాడు. ఆ మాటకి నేనే ముందు నవ్వాను. ఆయనా నవ్వాడు. తర్వాత చెవి మీద ఉలి తీసుకుని, అవసరం లేని ఒక చెక్కని చెక్కుతూ కూర్చున్నాడు. నేను గుక్క తిప్పుకోకుండా, ఏదో ఒకటి చేస్తానని మాట ఇచ్చాను.

ఇచ్చి, వారం రోజులు ఏమీ చెయ్యలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. నిజం చెబితే దొర నవ్విన నవ్వంతా నా మీదికి తిరుగుతుంది, నిన్న ఖాయమైన ఉద్యోగం రేపు పోతుంది. ఊరికి ఉత్తరం కూడా రాసేశాను. అమ్మ ఈపాటికి వాడకట్టంతా చెప్పి ఉంటుంది. మధ్యాహ్నాలు పాకకి వెళ్తున్నాను, టీ తాగుతున్నాను, సామెతలు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. వసంతం పండగకి రోజులు దగ్గర పడుతున్నాయి. రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే మావయ్య కనిపెట్టి గుచ్చి గుచ్చి అడిగాడు. అంతా విని, ఇందులో ఏడవడానికేముందని విసుక్కున్నాడు. "ముసిలోడు ఉండిపోతే నీకేటిరా నష్టం? నీకూ తోడే గదా. నోరు మూసుకో, ఆడే మర్సిపోతాడు" అన్నాడు. మావయ్య చెడ్డవాడు కాదు. నాకు మంచే చెప్పాడు. కాని ఆ మాట ఆయన నోట వినగానే కంచం ముందు నుంచి లేచిపోయాను. ఎందుకంటే వారం నుంచీ నా లోపల ఎవరో అదే మాట, అంతకన్నా తియ్యగా అంటున్నారు.

మర్నాడు పొద్దున్నే దొర గదిలోకి వెళ్ళాను. పెద్ద గుమాస్తా గుమ్మం దగ్గర నా చొక్కా పట్టుకుని లాగాడు కూడా. అర్జీ రాయలేదు. నోటితో చెప్పడానికి నాకు వచ్చిన ఇంగ్లీషు సరిపోలేదు. చివరికి ఒక చిన్న కాగితం మీద రెండే వాక్యాలు రాసి బల్ల మీద పెట్టాను. మన వడ్రంగి ఇంటి తలుపు మూసుకోవడం లేదు. ఈయన వెళ్ళి బాగుచేసుకోవాలి. అందులో సామెత లేదు, చీనా లేదు. దొర చదివి నవ్వబోయి ఆగాడు. ఎన్నాళ్ళయింది వెళ్ళి అని అడిగాడు. ఇరవై రెండేళ్ళన్నాను. ఆయన కిటికీలోంచి నది వైపు చూస్తూ, నాకు పదకొండు అన్నాడు. దొర నోట సామెత లేకుండా మాట రావడం నేను వినడం అదే మొదలు. ఆ కాగితం అడుగున సంతకం చేశాడు. తర్వాత గొంతు సవరించుకుని, కోరిక మరిచిపోయి అర్జీ రాసే గుమాస్తాని ఖాయం చేయడం కుదరదని, ఇంకో ఏడాది చూస్తానని చెప్పాడు. నాకు ఆ క్షణంలో అది తక్కువ శిక్షే అనిపించింది. (ఊరికి రాసిన ఉత్తరాన్ని వెనక్కి రప్పించే దారి లేదు. ఆ ఏడాదంతా అమ్మ దృష్టిలో నేను ఖాయంగానే ఉన్నాను.)

ఉలి తాత వెళ్ళిన రోజు నేనూ, మా కూలీలు పదిమందీ రేవుకి వెళ్ళాం. సామాను పెట్టె కూలీలు తలా ఒక చెయ్యి వేసి మోశారు, ఆయన వద్దన్నా వినలేదు. ఒక్క చిత్రిక మాత్రం గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు, అది ఎవరికీ ఇవ్వలేదు. నాకు టీ బుట్టా, వెదురు పుల్లా ఇచ్చాడు. ఓడ నిచ్చెన దగ్గర నిలబడి, "ఎయ్యి కోసులు సాగనంపినా ఎక్కడో కాడ ఇడిపోవాల. ఇంక ఎనక్కెల్లిపో గుంటడా" అన్నాడు. అది వాళ్ళ సామెతేనని నాకు తెలుసు. జోడీ సామెత అడుగుతున్నట్టు అలవాటుగా నా ముఖంలోకి చూశాడు. వెయ్యి సామెతలు కంఠతా వచ్చిన నాకు ఇంగ్లీషులో గాని తెలుగులో గాని ఒక్క ముక్క దొరకలేదు. ముక్కు చీదుకున్నాను. ఆయన నా భుజం మీద తవుడు దులిపి మెట్లెక్కాడు. ఓడ మలుపు తిరిగేదాకా మా వాళ్ళు తలపాగాలు ఊపుతూనే ఉన్నారు. నాకు ఊపాలని కూడా తోచలేదు.

ఆరు నెలలకి ఒక ఉత్తరం వచ్చింది. చీనా బజారులో ఒక మందుల దుకాణం పెద్దాయన చదివి పెట్టాడు. చదవడానికి ఎక్కువసేపు పట్టలేదు. తలుపు ఇప్పుడు పడుతోంది, అని ఒక్కటే వాక్యం. తిరగేసి చూడమన్నాను, వెనక కూడా ఏమీ లేదు. నేను ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పిచ్చివాడిలా నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ, ట్రామెక్కడం మరిచిపోయి పజుండౌంగ్ దాకా నడిచాను. తర్వాత మళ్ళీ ఉత్తరం రాలేదు. నేను రాసినవి చేరాయో లేదో తెలియదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నేను కూడా ఎప్పుడో ఓడెక్కి వచ్చేశాను. సముద్రానికి ఇప్పుడు నేను ఇటువైపు ఉన్నాను. పెళ్ళిళ్ళలో, బంధువుల మధ్య, కోరిక రాయడం మరిచిపోయిన అర్జీ కథ వందసార్లు చెప్పి ఉంటాను. ఎప్పుడు చెప్పినా జనం కడుపు పట్టుకుని నవ్వుతారు. రాలిన ఆకుకి ఇంగ్లీషులో జోడీ దొరకలేదు, అందుకే అర్జీలోంచి జారిపోయింది అని చెప్పే చోట మరీ నవ్వుతారు. మొన్న వానలకి పెట్టె తీసి ఎండబెడుతుంటే ఆ అట్టలేని సామెతల పుస్తకం బయటపడింది. ఊరికే తిరగేశాను. ఇంగ్లీషు 'ఈ' అక్షరం పుటలో, మూడో వరసలో, ఈస్ట్ ఆర్ వెస్ట్, హోమ్ ఈజ్ బెస్ట్ అని ఉంది. తూర్పయినా పడమరయినా ఇల్లే మేలు. దాని కింద పెన్సిలు గీత. గీత నాదే. పక్కన అంచులో, ఉలి తాత ఆకు, అని నా చేతిరాతే ఉంది.

జోడీ అర్జీ రాసిన రోజే దొరికింది. దొరికినదాన్ని చూసి, గీత గీసి, పుట తిప్పేశాను. ఆ గుంటడికి ఆ పాకలో మధ్యాహ్నాలు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఆ సంగతి వాడు నాకు కూడా చెప్పకుండా ఇన్నేళ్ళు దాచాడు. వాణ్ణి కోప్పడదామని చూశాను, కోపం రాలేదు. ఆ బుట్టలోని టీ మళ్ళీ ఒక్క గ్లాసు దొరుకుతుందంటే నేను ఈనాటికీ ఆ పుట తిప్పేస్తానేమోనని భయం కూడా వేసింది. నోటుపుస్తకం తెరిచి చూశాను. రాలిన ఆకు దగ్గర నడిమి గడిలో నాలుగు నల్లటి అక్షరాలు ఇంకా చెక్కినట్టున్నాయి. ఎడమ గడిలో ఇంగ్లీషు సామెత ఇప్పటికైనా రాశాను. తెలుగు గడి ఖాళీగానే ఉంది. ఏదో ఒకటి రాద్దామని కలం మూత తీశాను. చివరికి, పాముకి మళ్ళీ కాళ్ళెందుకులే అనుకుని, నవ్వుకుని, కలం మూసేశాను.